ఒళ్ళు చేసిన చరిత్ర

మా బందరు వైపు ఒక మనిషి కాస్త లావయితే "ఒళ్ళు చేసింది" అంటారు. ఆ క్రియాపదాన్ని ఒకసారి గమనించండి. సంపాదనలాగా, సంసారంలాగా, ఒళ్ళు కూడా చేసేదే. పెళ్ళయిన ఆరునెలలకు పుట్టింటికొచ్చిన కూతుర్ని చూసి "కాస్త ఒళ్ళు చేసిందే" అని తల్లి తృప్తిపడితే, అత్తగారింట్లో అన్నం సరిగ్గా పెడుతున్నారని అర్థం. "చిక్కిపోయావేమే" అంటే అది పలకరింపు కాదు, విచారణ. అమ్మాయి కంఠం కింద ఎముకలే సాక్ష్యం. అయితే ఇదే భాషలో "ఒళ్ళు బలిసింది", "కొవ్వెక్కింది" అనే మాటలు కూడా ఉన్నాయి. వాటికి బరువుతో సంబంధం లేదు. ఎదురు మాట్లాడిన కోడలికి, కూలి పెంచమని అడిగిన మాలమాదిగ స్త్రీకి, మొగుణ్ణి వదిలేసి ఒంటరిగా బతుకుతున్న ఆడదానికి ఆ మాటలు తగుల్తాయి. ముప్పై అయిదు కిలోల మనిషిని కూడా "కొవ్వెక్కి మాట్లాడుతోంది" అనగలిగిన భాష మనది. ఒళ్ళు చేసుకునే హక్కు కొందరికి ఉంది, కొందరికి అది నేరం. ఊబకాయం, స్థూలకాయం అనే మాటలు పత్రికలు, డాక్టర్లు తెచ్చినవి. అవి వచ్చేనాటికే మన శరీరాల మీద తీర్పులు సిద్ధంగా ఉన్నాయి.

ఇప్పుడు బందరులోనూ గుడివాడలోనూ మందుల షాపుల ఫ్రిజ్‌లలోకి వారానికొకసారి పొడుచుకునే బరువు తగ్గే ఇంజక్షన్లు వచ్చాయి. స్త్రీలు వాటి గురించి ఒకరినొకరు గొంతు తగ్గించి అడుగుతున్నారు. షుగరు మాత్రల గురించి, బి.పి. మాత్రల గురించి పెళ్ళిపందిట్లో అందరికీ వినపడేలా చెప్పుకునేవాళ్ళే దీని దగ్గర గుసగుసలాడతారు. వాడితే సోమరితనం, వాడకపోతే నిర్లక్ష్యం. ఈ గుసగుస వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఆ మందు ఎవరికి పనికొస్తుంది, ఎవరికి ప్రమాదం, ఆపితే ఏమవుతుంది అన్న కబుర్లు కూడా గుసగుసల్లోనే ఉండిపోతాయి. అందుకని ఆ మందు గురించీ, దానికి ముందు వచ్చి వెళ్ళిన మందుల గురించీ, అంతకన్నా ముందు ఈ డెల్టాలో బరువు అంటే ఏమిటన్నదాని గురించీ రాయాలనిపించింది.

ఆకలితోనే మొదలుపెట్టాలి. 1832-33 నందన కరువులో కృష్ణకు ఆవలి గుంటూరు ప్రాంతంలోనే లక్షమందికి పైగా చనిపోయారు. మచిలీపట్నం జిల్లా కూడా ఆ కరువు దెబ్బ తిన్నదే. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవల వెంట వరి దిగింది, కొన్ని కులాల ఇళ్ళలో పురులు నిండాయి. కాని సముద్రం తన లెక్క తనది. 1864 నవంబరు తుపానుకి బందరు ప్రాంతంలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో మరణాలు 10,000 అన్నది ప్రభుత్వపు లెక్క, ఊళ్ళవాళ్ళ లెక్క ఇంకా ఎక్కువ. ఇలాంటి నేల మీద ఒంటి మీది కండ, కొవ్వు ఒకరకమైన దాచుకున్న సొమ్ము. మా అమ్మమ్మ తరం వాళ్ళు బొద్దుగా ఉన్న పిల్లని చూసి మురిసిపోయారంటే అది అజ్ఞానం కాదు, జ్ఞాపకం.

ఆ వరిలోనే ఇంకో చిక్కుంది. బెరిబెరి గురించి మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లో ఒక గ్రంథం రాశాడు. అందులో అతను ఎక్కువగా చూసిన ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా. తర్వాత 1920లలో కూనూరులో మెక్‌కారిసన్, ఇతరులు చేసిన పరిశోధనల్లో కూడా దక్షిణాదిలో బెరిబెరికి కేంద్రం తెలుగు కోస్తానే. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఆ జబ్బు తక్కువ, పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినే మన దగ్గర ఎక్కువ. మరపట్టడంలో తవుడుతోపాటు బి1 విటమిను పోయేది. కడుపునిండా తిని కూడా కాళ్ళు తిమ్మిరెక్కి, నీరుపట్టి, గుండె ఆగి పోయేవాళ్ళు. కడుపు నిండటం, ఒంటికి పట్టటం ఒకటి కాదని ఈ డెల్టాకు నూరేళ్ళ క్రితమే తెలుసు.

దంపుడు బియ్యం గొప్పతనం గురించి ఈ మధ్య చాలామంది పురుషులు చాలా ఉద్వేగంగా మాట్లాడుతున్నారు. ఆ బియ్యం ఎవరు దంచారన్నది మాత్రం వాళ్ళకు గుర్తు రాదు. తెల్లవారుజామునే లేచి రోకలి పట్టిన చేతులు ఆడవాళ్ళవి. బియ్యపు మిల్లు వచ్చినప్పుడు కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళకు భుజాల నొప్పి తప్పింది. కూలికి దంచుకుని నూకలు, తవుడు తెచ్చుకునే పేద స్త్రీలకు మాత్రం ఉన్న ఆధారం పోయింది. ఒకే యంత్రం ఒకరికి విశ్రాంతిని, ఇంకొకరికి పస్తుని, ఇద్దరికీ తెల్లన్నాన్ని ఇచ్చింది. 1983లో గుడివాడ నుంచి శాసనసభకు గెలిచిన ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు కూలి ఇళ్ళలో రెండు పూటలా అన్నం ఉడికింది. అది ఎంత పెద్ద విషయమో ఆకలి తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ పథకాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. పప్పు, గుడ్డు, కూర మాత్రం బియ్యమంత చౌకగా ఎన్నడూ రాలేదు, వచ్చిన కాస్తా వడ్డించే వరసలో ఆడవాళ్ళ దాకా చేరలేదు.

ఫలితం 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం అధిక బరువు లేదా ఊబకాయం. అదే వయసు స్త్రీలలో 58.8 శాతం రక్తహీనత. ఈ రెండు అంకెలూ వేర్వేరు ఆడవాళ్ళవి కావు, చాలాచోట్ల ఒకే మనిషివి. పూనాలో యాజ్ఞిక్ బృందం తేల్చింది కూడా ఇలాంటిదే. మన పిల్లలు ఇంగ్లండు పిల్లలకన్నా తక్కువ బరువుతో పుడతారు, కాని ఆ చిన్న ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు మోసే శరీరాలు మనవి. అందుకే మన దగ్గర తూకం కన్నా నడుము కొలత ఎక్కువ చెప్తుంది. స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. అద్దం చెప్పే అందానికీ, టేపు చెప్పే ఆరోగ్యానికీ మధ్య తేడా ఇక్కడే. ఎముకలు కనిపించాలని అడిగేది ఒకరు, రక్తంలో చక్కెర తగ్గాలని అడిగేది ఇంకొకరు. మనం రెండింటినీ ఒకే గొంతుగా వింటున్నాం.

మందుల సంగతికి వస్తే, తెలుగు స్త్రీల సాహిత్యానికీ మందుకీ ఒక పాత బంధుత్వం ఉంది. బందరులో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి 1902లో బృందావన స్త్రీల సమాజం పెట్టారు. ఆ తర్వాత పాతికేళ్ళకు మద్రాసులో ఆయుర్వేద వైద్యుడు కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి పత్రిక మొదలుపెట్టాడు. కేసరి కుటీరంవారి లోధ్ర స్త్రీల గర్భాశయ వ్యాధులకు పేరుపడిన మందు. ఆ మందు గడించిన డబ్బు పత్రికకు అండ. కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు అచ్చయిన పత్రిక, రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగిన పత్రిక, ఒక సీసా మందు మీద నడిచింది. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆడవాళ్ళ శరీరం మందుకు మార్కెట్ అన్న సంగతి, ఆడవాళ్ళు చదువరులన్న సంగతి మన దగ్గర ఒకేసారి గుర్తింపు పొందాయని మాత్రమే చెప్తున్నాను. ఆ కాలపు టానిక్కులు, లేహ్యాలు అమ్మింది బలాన్ని, పుష్టిని. ఒళ్ళు తగ్గించే మందు అప్పటికి మన వాకిట్లోకి రాలేదు.

పడమటి దేశాల్లో వచ్చేసింది. 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టెయింటర్, కటింగ్ అనే వైద్యులు డైనైట్రోఫినాల్ అనే రసాయనంతో బరువు తగ్గుతుందని ప్రకటించారు. ఏడాదిలోపే లక్షమంది దాన్ని మింగారని వాళ్ళే అంచనా వేశారు. అది శరీరంలో తిండి శక్తిగా మారే దారిని తెంపి, ఆ శక్తిని వేడిగా కాల్చేస్తుంది. ఆ దారిలో కీలకమైన ఎ.టి.పి. అణువును అంతకు నాలుగేళ్ళ ముందు గుర్తించినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఒక పక్క జీవశక్తి రహస్యం తెలుసుకుంటున్నారు, ఇంకో పక్క దాన్నే చెడగొట్టి సన్నబడమంటున్నారు. ఒళ్ళు పేలిపోయే జ్వరంతో కొందరు చనిపోయారు. పడుచు స్త్రీలకు కళ్ళలో శుక్లాలు వచ్చాయి. 1938లో అమెరికాలో కొత్త మందుల చట్టం వచ్చాక గాని అది ఆగలేదు.

తర్వాత ఆంఫెటమిన్లు. 1950లు, 60లలో అమెరికాలో రంగురంగుల మాత్రలు పంచే క్లినిక్కులు వెలిశాయి. ఒక మాత్రలో ఆకలి చంపే మందు, ఒకదాంట్లో థైరాయిడ్ హార్మోను, ఒకదాంట్లో నీరు లాగే మందు, గుండెదడ తగ్గించడానికి ఇంకోటి. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా గృహిణులు. 1990లలో ఫెన్‌ఫ్లూరమిన్, ఫెంటర్మిన్ కలిపి వాడే ఊపు వచ్చింది. ఉత్తర డకోటాలోని ఫార్గో పట్టణంలో పామ్ రఫ్ అనే ఎకో టెక్నీషియన్, ఈ మాత్రలు వాడుతున్న స్త్రీల గుండె కవాటాలు ఒకే తీరున మందమై ఉన్నాయని తెర మీద కనిపెట్టింది. యంత్రం ముందు కూచునే ఆమె మాటకు విలువ రావడానికి కొంతకాలం పట్టింది. 1997 జులైలో మేయో క్లినిక్ డాక్టర్లు 24 మంది కేసుల్ని ప్రకటించారు. ఇరవై నలుగురూ స్త్రీలే. సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమిన్, డెక్స్‌ఫెన్‌ఫ్లూరమిన్ మందుల్ని వెనక్కి తీసుకున్నారు, మన దేశం 1998లో నిషేధించింది.

రిమోనబాంట్ 2006లో ఐరోపాలో వచ్చింది, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతున్నాయని 2008లో ఆగింది, ఇక్కడ 2009 డిసెంబరులో నిషేధం. సిబుట్రమిన్ కథ మా ఇంటిదాకా వచ్చింది. గుడివాడలో టీచరుగా చేస్తున్న మా వదినకు 2008లో ఒక బరువు తగ్గించే సెంటరువాళ్ళు ఆ క్యాప్సూల్ రాసిచ్చారు. బి.పి. చూడలేదు, మందు పేరు కూడా చెప్పలేదు. "మూడు నెలల కోర్సు" అన్నారు. ఏడు కిలోలు తగ్గింది, నోరెండుకుపోయేది, రాత్రిళ్ళు గుండె దడదడలాడేది. ఆపిన ఏడాదికి ఏడూ వచ్చాయి, పైన మరో మూడు. "నీకు నోరు కట్టుకోవడం చేతకాదు" అని ఇంట్లోనూ, స్టాఫురూములోనూ తీర్పు చెప్పారు. గుండెజబ్బు ప్రమాదం ఉన్నవాళ్ళలో ఆ మందు గుండెపోట్లను, పక్షవాతాన్ని పెంచుతోందని పరిశోధనలో తేలి, 2010లో ఐరోపాలోనూ అమెరికాలోనూ ఆగిపోయింది. 2011 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం నిషేధించింది. వదిన ఆ వార్త పేపర్లో చదివి చాలాసేపు మాట్లాడలేదు.

"మూడు నెలల కోర్సు" అన్న మాట దగ్గర నాకెప్పుడూ పటాన్‌చెరు గుర్తొస్తుంది. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగం జరిగింది. ఊళ్ళ నుంచి వచ్చిన స్త్రీలకు పిల్లలు పుట్టకుండా సూది అని చెప్పారు గాని, అది ప్రయోగమని, దానికి ఫలానా దుష్ఫలితాలుంటాయని చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన మిత్రులు వెళ్ళి వివరాలు చెప్తే చాలామంది సూది వద్దని వెళ్ళిపోయారు. 1986లో ఇతర స్త్రీల సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ తర్వాత 1991లో వచ్చిన సవాలక్ష సందేహాలు పుస్తకాన్ని మనలో చాలామంది వంటింటి అలమరలో పెట్టుకుని చదివాం. ఆ పోరాటాన్ని సూదికి వ్యతిరేకమైన పోరాటంగానే గుర్తుపెట్టుకోవడం నాకు అసంపూర్ణంగా తోస్తుంది. అది చెప్పకపోవడానికి వ్యతిరేకమైన పోరాటం. తెలిసిన తర్వాత కూడా కావాలనుకున్న స్త్రీకి మందు దొరకాలి, అక్కర్లేదనుకున్న స్త్రీ గేటు దాటి వెళ్ళిపోగలగాలి.

ఈ కొలబద్దతోనే కొత్త మందులనూ చూడాలి. సెమాగ్లూటైడ్, టిర్జిపటైడ్ పాతవాటివంటివి కావు. మనం అన్నం తిన్నప్పుడు పేగులు విడుదల చేసే జి.ఎల్.పి.-1 అనే హార్మోనుకు ఇవి అనుకరణలు. మెదడుకు "చాలు" అన్న కబురు పంపుతాయి, కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. ఆ హార్మోనులో పనిచేసే ముక్క ఏదో కనిపెట్టినవాళ్ళలో ముఖ్యురాలు స్వెత్లానా మొయ్‌సోవ్, యుగోస్లావియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రసాయన శాస్త్రవేత్త. పేటెంట్లలో మొదట ఆమె పేరు లేదు, ఏళ్ళ తరబడి పోరాడి చేర్పించుకుంది. 2021లో ఈ పరిశోధనకు ముగ్గురు పురుషులకు గెయిర్డ్‌నర్ బహుమతి ఇచ్చినప్పుడు ఆమెను తలవలేదు. 2024లో లాస్కర్ బహుమతి హేబెనర్‌తోపాటు ఆమెకూ, మందును తయారుచేసిన డెన్మార్క్ శాస్త్రవేత్త లొట్టె బ్యెర్రె నూడ్సన్‌కూ దక్కింది. ఒంటిమీదే కాదు, ప్రయోగశాలలోనూ ఇది మన కథే.

2021లో అచ్చయిన ప్రధాన పరిశోధనలో 1,961 మంది పాల్గొంటే అందులో నూటికి 74 మంది స్త్రీలు. 68 వారాల్లో సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్ళు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళు 2.4 శాతం. అందులోనే కొంతమందిని మందు ఆపాక ఏడాదిపాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. టిర్జిపటైడ్‌తోనూ అంతే, ఆపితే చాలావరకు తిరిగి వస్తుంది. ఇది నోరు కట్టుకోలేకపోవడం కాదు. బరువు తగ్గిన శరీరం కరువు వచ్చిందనుకుంటుంది. ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువవుతాయి, ఖర్చు తగ్గిస్తుంది. నందన కరువు గుర్తున్నది మన శరీరాలకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఊబకాయాన్ని దీర్ఘకాలిక వ్యాధిగా, ఈ మందుల్ని దీర్ఘకాలం వాడేవిగా చూసింది, అదీ ఆహారం, వ్యాయామం, సలహాలతో జోడించి. అంటే "కోర్సు" అన్న మాటే తప్పు. మొదటి సూదికి ముందే స్త్రీకి చెప్పవలసిన మొదటి సంగతి ఇది. ఎక్కువమంది వినని సంగతి కూడా ఇదే.

చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి. ఇది డాక్టరు చూసి రాయవలసిన మందు. మన దేశంలో అనుమతి ఉన్నది బి.ఎం.ఐ. 30 దాటినవాళ్ళకు, లేదా 27 దాటి షుగరు, బి.పి. వంటివి ఉన్నవాళ్ళకు. అయిదడుగుల స్త్రీకి ఇది దాదాపు 70 కిలోలు, 63 కిలోలు. పెళ్ళిచూపులకని నాలుగు కిలోలు తగ్గాలనుకునే పిల్లకు కాదు. సెమాగ్లూటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకొకసారి పెంచుతూ పోవాలి. తొందరపడి డోసు పెంచితే వాంతులు, ఒంట్లో నీరు పోవడం, మూత్రపిండాల మీద భారం. వికారం, మలబద్ధకం మామూలే, క్రమంగా సర్దుకుంటాయి. వీపులోకి పొడుచుకుపోయే కడుపునొప్పి మాత్రం మామూలు కాదు, అది క్లోమం వాపు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. త్వరగా సన్నబడేవాళ్ళకు పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి. కుటుంబంలో మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళు వాడకూడదు. మనలో సగంమంది వాడే థైరాయిడ్ మాత్ర సంగతి వేరు, ఆ రెంటినీ కలిపి భయపడనక్కర్లేదు. ఇన్సులిన్, కొన్నిరకాల షుగరు మాత్రలు వాడుతున్నవాళ్ళకు చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. కార్తీక సోమవారం నక్షత్రం కనబడేదాకా ఉపవాసం ఉండే మన ఆడవాళ్ళు డాక్టరుతో ఆ విషయం విడిగా చెప్పాలి. ఆపరేషన్‌కి వెళ్ళేటప్పుడు మత్తు డాక్టరుకు చెప్పడం మరవకూడదు, కడుపు ఖాళీ అయిందనుకుంటే అవకపోవచ్చు.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. అండాశయాల్లో నీటితిత్తుల సమస్య ఉన్న అమ్మాయిలకు బరువు తగ్గగానే నెలసరి గాడిలో పడి అనుకోకుండా గర్భం రావచ్చు. టిర్జిపటైడ్ గర్భనిరోధక మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది. మొదలుపెట్టినప్పుడూ, డోసు పెంచినప్పుడల్లా నాలుగు వారాలపాటు వేరే జాగ్రత్త అవసరం. పిల్లల్ని కనాలనుకుంటే సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందు ఆపాలి. ఆంధ్రలో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయి ఉంటుంది కాబట్టి ఈ ప్రశ్న అడగక్కర్లేదని డాక్టర్లు అనుకుంటారు. సమస్యంతా మిగిలినవాళ్ళది. వాళ్ళలో ఎక్కువమంది పడుచుపిల్లలు, పెళ్ళికాని పిల్లలు, అడిగితే ఏమనుకుంటారోనని నోరు మెదపనివాళ్ళు.

తగ్గే బరువులో కొవ్వు ఒక్కటే పోదు, కండ కూడా పోతుంది. రక్తహీనతతో ఉన్న శరీరానికి, నెలసరి ఆగి ఎముకలు పలచబడే వయసుకి ఇది చిన్న నష్టం కాదు. ఆకలి చచ్చినప్పుడు మన ఆడవాళ్ళు మొదట మానేసేది పప్పు, గుడ్డు, చేప. నాలుగు ముద్దలు పచ్చడన్నం తిని లేస్తారు. జరగవలసింది దీనికి తిరగబడ్డ పద్ధతి. తినే కొద్దిలో ముందు పప్పో, గుడ్డో, పెరుగో, చేపో ఉండాలి. వారంలో రెండుమూడు రోజులు బరువులెత్తే వ్యాయామం చెయ్యాలి, నీళ్ళ బిందె అయినా సరే. తగ్గిన బరువు నిలబడేది దీని మీద. మందు ఆపవలసి వస్తే డాక్టరుతో మాట్లాడుకుని, ఏం చెయ్యాలో ముందే అనుకుని ఆపాలి, నెలాఖరున డబ్బులయిపోయి కాదు.

డబ్బు దగ్గరే అసలు గీత ఉంది. 2025 మార్చిలో టిర్జిపటైడ్ మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, నెలకు నాలుగు. అదే సంవత్సరం మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఒక నెల మందుకు నలభై అయిదు రోజుల మట్టిపని. సెమాగ్లూటైడ్ మీద భారతీయ పేటెంటు గడువు 2026 మార్చి దాకే. చౌకమందు వచ్చినా రిఫ్రిజిరేటర్ కావాలి. ముప్పై డిగ్రీలు దాటని చోట కొద్దివారాలు మాత్రమే అది బయట ఉండగలదు. మే నెలలో కరెంటు పోయిన ఎదురుమొండిలో, నాగాయలంకలో ఆ ముప్పై డిగ్రీలు ఎక్కడ వెతుక్కోవాలి? అక్కడి చేపలమ్మే స్త్రీకి, రొయ్యల షెడ్లలో పొద్దంతా నిలబడి తలలు తీసే స్త్రీకి కూడా షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పి ఉన్నాయి. ఊబకాయం కలిగిన ఇళ్ళ జబ్బు అనే రోజులు పోయాయి, మందు మాత్రం కలిగిన ఇళ్ళ మందుగానే ఉంది. 2023 సెప్టెంబరులో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. వారంలో ఒక పూట బరువు, షుగరు కోసం ఒక ఓ.పి., అందులో సగం సమయం మాట్లాడటానికి, అక్కడ అడగగలిగిన చిన్న కోరికే ఇది.

2015 నవంబరులో అనుష్క నటించిన సైజ్ జీరో సినిమా వచ్చింది. బరువు తగ్గించే సెంటర్ల మోసం మీద తీసిన సినిమా. అనుష్క అందుకోసం నిజంగా లావయింది, తర్వాత ఏళ్ళపాటు ఆమె తగ్గిందా లేదా అన్నదే మన సినిమా పేజీలకు వార్త. సినిమా చెప్పిందేమిటో ఎవరికీ పట్టలేదు.

మా వదినకు ఇప్పుడు అరవై. షుగరు వచ్చి తొమ్మిదేళ్ళు. పోయిన ఏడాది బెజవాడ డాక్టరమ్మ కళ్ళు, మూత్రపిండాలు, గుండె చూపించాకే టిర్జిపటైడ్ మొదలుపెట్టింది. పదకొండు కిలోలు తగ్గింది, ఇన్సులిన్ ఆగింది. ఇంట్లో ఒక రూళ్ళ నోటుపుస్తకం పెట్టుకుంది. తేదీ, డోసు, నడుము కొలత, బి.పి., ఆ రోజు తిన్న గుడ్లు, అన్నీ టీచరు దస్తూరీలో గళ్ళు కట్టి రాస్తుంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు వీధిలోని ఇద్దరు ఆడవాళ్ళు ఆ పుస్తకం చూడ్డానికి వచ్చారు. అందులో ఒకామె లోగొంతుకతో "ఎప్పుడు ఆపెయ్యొచ్చు టీచరుగారూ" అని అడిగింది. వదిన కళ్ళజోడు సర్దుకుని, వరండాలో కూచున్న మగవాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా "ఆపేది కాదమ్మా ఇది. ముందు కూచో, డబ్బుల లెక్క కూడా చెప్తాను" అంది.